అమ్మ చదవమనడం మానేశాక

మా అమ్మాయి సిరి తీసిన డాక్యుమెంటరీలో మొదటి నాలుగు నిమిషాలు మా అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూనే ఉంటుంది. మాట లేదు, పాట లేదు. ఆ వేళ్లు, ఆ చిక్కుళ్లు, కింద వీధిలో ఎవడో పాత ఇనుము కొంటానని అరుచుకుంటూ పోవడం, అంతే. సినిమా చదువులు చదివినదాన్ని కాను కాబట్టి, ఇంకా ఎంతసేపే ఈ కూర అని అడిగాను. చూడు అన్నట్టు సిరి నా మోకాలి మీద ఒకటి వేసింది. వాళ్ల కాలేజీలో ఆఖరి సంవత్సరం పిల్లలంతా తలా ఒక చిన్న సినిమా తీయాలట. తోటివాళ్లు చెరువుల మీదా, ఇరానీ హోటళ్ల మీదా తీస్తుంటే ఇది మాత్రం మా ఇంటి మీద పడింది. అమ్మా అమ్మమ్మా ఎందుకు సరిగ్గా మాట్లాడుకోరు అన్నది దాని విషయం. మాట్లాడుకోకపోవడమేమిటి, రోజూ పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేస్తాను కదా అని దబాయించాను. తిన్నావా, మాత్ర వేసుకున్నావా, మామయ్య డ్యూటీకి వెళ్లాడా, ఈ మూడే అడుగుతావు, పెట్టేస్తావు, అని అది వేళ్లు మడిచి మరీ చెప్పింది. కొండాపూర్‌లో నేనుంటాను, చందానగర్‌లో మా తమ్ముడి దగ్గర అమ్మ ఉంటుంది. ఆటోలో పోతే అరగంట దూరం. ఆ అరగంటను ఇన్నేళ్లుగా ఎంత పొడుగు చేశానో అది కనిపెట్టేసిందన్నమాట.

చిక్కుళ్లు అయిపోయాక కెమెరా వెనక నుంచి సిరి గొంతు వినిపించింది. చిన్నప్పుడు అమ్మ నీకు అన్నీ చదివి వినిపించేదంట కదా, ఎందుకు ఆపేసింది అని అడిగింది. అమ్మ ఈనెలన్నీ ఒక పక్కకు తోసి, చేతులు చీరకు తుడుచుకుని, "అది ఆపలే. నేనే చదువుమనుడు బంద్ జేసిన" అంది. నేను లేచి నిలబడ్డాను. స్టవ్ మీద పాలున్నాయని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయాను. పాలేమీ లేవు, స్టవ్ మీద అసలు గిన్నే లేదు. మిగతాది తర్వాత చూస్తానే, తలనొప్పిగా ఉంది అని అక్కడి నుంచే కేకేశాను.

అమ్మ ఎందుకు మానేసిందో నాకు తెలుసు. తెలుసనే అనుకున్నాను. ఒకనాడు పదిమంది ముందు అమ్మకు ఒక కాగితం చదివి వినిపించాను. అందులో ఒక ముక్క కావాలని వదిలేశాను. ఆ ముక్కతోనే అమ్మ బావి పోయింది. ఈ సంగతి నేను ఆమెతో చెప్పలేదు, ఆమె నన్ను అడగలేదు. పిల్లది పొరపాటు పడిందనుకుందో, మొగుడు మోసం చేశాడనుకుందో, రాసినవాళ్లే తర్వాత కలిపారనుకుందో నాకు తెలియదు. ఆ తెలియకపోవడం చాటున హాయిగా బతికేశాను. ఇప్పుడు జవాబు నా టీపాయ్ మీద ల్యాప్‌టాప్‌లో ఉంది. రెండు రోజులు దాని మూత ఎత్తలేదు. ఆ రెండు రోజులూ ఏ పని చేస్తున్నా కొత్తగూడలోని మా పాత ఇల్లే కళ్లముందు మెదిలింది.

రెండు గదులు, ముందు అరుగు, వెనక బర్రె కొట్టం. ఇంటికి ఎవరు ఎప్పుడొచ్చారో వాసనే చెప్పేది. అమ్మ పొద్దున్నే మొదటి బస్సుకు చందానగర్ బజారుకు వెళ్లి ఆకుకూరలూ పూలూ అమ్మి, ఎండ ముదరకముందే తిరిగొచ్చేది. ఆమెతో పాటు తడి కొత్తిమీర వాసన, ఖాళీ గంపలో మిగిలిన చామంతి రెక్కల వాసన వచ్చేవి. నాయిన జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆయన వస్తే ముక్కు మండే ఘాటు. ఆ చొక్కా ఇంట్లోకి రానిచ్చేది కాదు అమ్మ, కొట్టం గుంజకే తగిలించాలి. అన్నం ముందు కూర్చున్నా నాయిన చేతుల నుంచి ఆ ఘాటు పోయేది కాదు, పాపం ఎంత సబ్బు రుద్దుకున్నా. దగ్గుతూ తినేవాడు, తింటూ దగ్గేవాడు. ఆ పనిలో నుంచి ఎప్పుడు బయటపడదామా అని చూసేవాడు, పైకి అనేవాడు కాదు.

మాదాపూర్ వైపు ఆ గుండ్రటి పెద్ద భవనం లేస్తున్న రోజులవి. దాని చుట్టుపక్కల రాళ్లగుట్టలన్నీ పేల్చేవారు. పగలు రెండు దాటాక ఎర్రజెండా పట్టుకున్న మనిషొకడు సైకిల్ మీద ఈల ఊదుకుంటూ మా వాడంతా తిరిగి వెళ్లేవాడు. ఆ ఈల వినపడగానే అమ్మ అటక మీది మామిడికాయ తొక్కు జాడీ దించి నేల మీద గోనెసంచి పరిచి పెట్టేది. బర్రెను కొట్టంలోకి, నన్నూ తమ్ముణ్నీ ఇంట్లోకి తోలేది, దాదాపు ఒకే రకమైన అదిలింపుతో. ఢామ్మని పేలేది. బిందెలో నీళ్లు వణికేవి. గుట్టలు పగలగొట్టి ఏం చేస్తారే అని అమ్మ అడిగితే, కంప్యూటర్లు పెడతారంట అని నాకు తెలిసింది చెప్పాను. కంప్యూటర్లకు గుట్టలేం అడ్డమొచ్చినయి అంది. తర్వాత నేను ఆ కంప్యూటర్ల ముందే ఇరవై ఏళ్లు కూర్చుని లేచాను. దుమ్ము తగ్గాక జాడీ మళ్లీ అటకెక్కేది, మేము మళ్లీ వీధిలోకి వచ్చేవాళ్లం.

అమ్మకు చదువు రాదు. కానీ చదువంటే ఆమెకున్నంత పిచ్చి నేను ఏ మేధావిలోనూ చూడలేదు. కిరాణం కొట్టు నుంచి బెల్లం వచ్చినా, పుట్నాలు వచ్చినా, ముందు పొట్లం విప్పి సరుకు డబ్బాలో పోసి, ఆ కాగితాన్ని అరచేత్తో సాపు చేసి, నా ముందు పెట్టేది. అది ఏనాటి పేపరో, ఏ జిల్లా వార్తో అనవసరం. చదవాల్సిందే. ఊరికే చదివితే కుదరదు, వేలు పెట్టి చదవాలి. ఇంకా ఎంత కథ ఉందో ఆమెకు కనపడాలి మరి. వేలు కాగితం అడుగుకు చేరుతుంటే, అయిపోవచ్చిందే అని దిగులుపడేది. చిరిగిన చోట కథ ఆగిపోతే మిగతాది తనే కట్టేది. పెళ్లిపందిట్లో నుంచి పిల్ల మాయమైన వార్త సగంలో చిరిగితే, మేనమామ ఇంటికి పోయుంటది, పిల్ల తెలివైంది అని తేల్చేసింది. ఒకసారి ఏదో ఊళ్లో చిరుతపులి బడిలోకి దూరింది. పిల్లలు లోపల ఉండగా తలుపు... అన్నచోట కాగితం అయిపోయింది. అమ్మకు రెండు రోజులు అన్నం సయించలేదు. చివరికి కిరాణం కొట్టుకు వెళ్లి, ఆ పేపర్ రెండో ముక్కలో ఏం కట్టి ఎవరికిచ్చావో చెప్పమని కొట్టాయనతో పోట్లాడింది. వాడకట్టంతా నవ్వింది. ఏం బాలమణీ, పులి దొరికిందా అని అమ్మను నెల్లాళ్లు అడిగారు. అమ్మ ఏమీ సిగ్గుపడలేదు, దొరకలేదని బాధే పడింది.

ఇక అమ్మ భూమి. పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద వాళ్ల నాయిన ఆమె పేరున రాసిచ్చినది. పైన నీటి వసతి లేని రాళ్ల చెలక, కింద బావి, బావి కింద మూడు మళ్లు. చెలకలో ఏమీ పండేది కాదు. మళ్లలో మాత్రం అమ్మ చేయి పడితే చాలు, మెంతి, గంగవాయిలి, కొత్తిమీర, దసరా ముందు చామంతి. బావి దగ్గరికి చెప్పులతో ఎవరినీ రానిచ్చేది కాదు, నాయినను కూడా. చుట్టుపక్కల చేన్లన్నీ ఒక్కొక్కటే కార్లలో వచ్చినవాళ్ల పాలవుతుంటే మా ఇంటికీ వచ్చారు. అమ్మ ఒక్కటే మాట చెప్పింది, చెలక కావాలంటే ఇస్తాను, బావీ బావి కింద మళ్లూ ఇవ్వను. కొనేవాళ్లకు చెలక ఒక్కటే పనికిరాదు. అటు వాళ్లూ ఇటు అమ్మా, మధ్యన నాయిన. చివరికి అమ్మ అన్నట్టే చెలక ఒక్కటే అని ఆమెకు చెప్పి ఒకరోజు వాళ్లను కాగితంతో రప్పించాడు.

అరుగు మీద నులకమంచం వాల్చారు. పట్నం నుంచి వచ్చిన ఇద్దరు, ఊరి పెద్దమనిషొకాయన, వాడకట్టువాళ్లు ఇంకో నలుగురు. కాగితం మేమే చదివి చెప్తాం అని పట్నం వాళ్లలో ఒకాయన అన్నాడు. అమ్మ తలుపు దగ్గర నిలబడి, "నా బిడ్డ చదువుతది. నా బిడ్డ చదివినంకనే ఏలుముద్ర" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా వంక చూడలేదు, వాళ్ల వంక చూసింది. అలా తల ఎత్తి చూడటం అంతకుముందు నేను ఎరగను. ఇంటర్ అయి ఇంట్లో కూర్చున్న నేను ఆ క్షణాన కలెక్టర్‌నైపోయాను.

కానీ అంతకు అరగంట ముందే నాయిన నన్ను బర్రె కొట్టంలోకి పిలిచి కాగితం చూపించాడు. నాలుగు హద్దులు రాశాక, కింద ఒక లైను ఉంది. బావి, బావి కింద మళ్లతో సహా అని. "గీ లైను ఇడిసిపెట్టి చదువు బిడ్డా. అమ్మకు నేను నిమ్మలంగ చెప్పుకుంట" అన్నాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. అది ఫ్యాక్టరీ ఘాటో, ఇంకేమన్నానో నేను అడగలేదు.

అరుగు మీద కూర్చుని గట్టిగా చదివాను. తూర్పున ఫలానా, పడమర ఫలానా, ఉత్తరాన బండ్లబాట, దక్షిణాన గుట్ట. బడిలో ప్రార్థన చదివినంత చక్కగా చదివాను. అయిపోయిందా అని అమ్మ అడిగింది. అయిపోయిందన్నాను. అమ్మ ఒక క్షణం కాగితం మీదికి వంగి చూసి, బొటనవేలు సిరాకద్ది ముద్ర వేసింది. ఆ తర్వాత అందరికీ చాయ్ కూడా తనే పెట్టింది.

నాయిన నిమ్మళంగా చెప్పుకునే రోజు అప్పట్లో రాలేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులోనూ ముద్ర వేయించారు. అక్కడి హడావుడిలో ఎవరూ ఎవరికీ ఏమీ చదవలేదు. నెల తిరక్కుండానే యంత్రం వచ్చి బావిలోకి గుట్ట రాళ్లు తోసింది. నేను ఇంట్లోనే ఉన్నాను. అమ్మ వెళ్లి చూసొచ్చింది. వచ్చి కాళ్లు కడుక్కుంది, బియ్యం ఏరింది, అన్నం వండింది. ఏడవలేదు, తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేదో. ఆ సాయంత్రం కిరాణం కొట్టు నుంచి చింతపండు పొట్లం వచ్చింది. అమ్మ పొట్లం విప్పి, కాగితం ఉండ చుట్టి, పొయ్యిలో వేసింది. అదే మా ఇంట్లో మౌనం మొదలైన తీరు. మాటలు మానలేదు మేము, తిండీ పనీ అన్నీ మాట్లాడుకున్నాం. చదవమనడం మాత్రం మానేసింది. కరెంటు బిల్లు వస్తే పక్కింటి వాళ్లతో చదివించుకునేది. నా పెళ్లి శుభలేఖ అచ్చయి వచ్చినప్పుడు కూడా దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి పక్కన పెట్టింది. ఇంటి ముందు తులసి తప్ప ఇంకో మొక్క వేయలేదు. నాయిన ఫ్యాక్టరీ మానేశాడు గానీ ఆ దగ్గు ఆయన్ని మానలేదు, పదేళ్లకు దాంతోనే పోయాడు. నేను ఉద్యోగం చేశాను, కథలు రాశాను. రెండు పుస్తకాలు వచ్చాయి. సభల్లో చదివాను, రేడియోలో చదివాను. మా అమ్మకు ఒక్క కథ చదివి వినిపించలేదు.

బావి ఉన్నచోట ఇప్పుడు పెద్ద ఆఫీసు ఉంది. చిత్రమేమిటంటే నేను అందులోనే మూడేళ్లు పనిచేశాను. కారు రెండో సెల్లారులో పెట్టేదాన్ని. ఆ సెల్లారు అమ్మ బావి అంత లోతు ఉండేది కాదు. చల్లగా మాత్రం అట్లాగే ఉండేది. అప్పటి కొత్తగూడే బాగుండేదని నేను అనను, ఆ దుమ్ము, ఆ దగ్గు, నీళ్ల బిందెల కోసం తగవులు నాకు గుర్తున్నాయి. ఇప్పుడు ఇంట్లో ముగ్గురికి ముగ్గురం మూడు ఫోన్లలో ప్రపంచమంతా చదువుతాం, ఎవరిది వాళ్లం, లోపల లోపల. అప్పుడు ఒక పొట్లం కాగితం మీద ఇద్దరి తలలు వంగి ఉండేవి. నాకు ఆ రెండు తలలే కావాలి, వేరే ఏమీ అక్కర్లేదు.

మూడో రోజు సిరిని పక్కన కూర్చోబెట్టుకుని మిగతాది చూశాను. అమ్మ కెమెరా వంక కాకుండా తన చేతుల వంక చూస్తూ చెప్పింది. "అది ఏలు పెట్టి చదువుతది గద. ఆ దినం ఏలు ఒక లైను దుంకింది. నేను జూసిన" అంది. మరి ముద్ర ఎందుకేశావు అమ్మమ్మా అని సిరి గొంతు. "పదిమందిల ఎట్లడుగుత? నా బిడ్డ చదువుతదని నేనే అంటిని. అండ్ల ఏముందే అంటే నా బిడ్డ చదువు అబద్ధమైతది. ఇంటికొచ్చినంక చెప్తది తియ్ అనుకున్న." పక్కకు తోసిన ఈనెలు పోగు చేస్తూ, "ఆటెన్క ఏం చదివినా నాకు కథ ఇనబడలే. ఏలే జూస్తుంటి. అందుకే ఇగ చదువుమనలే" అంది. సిరి బొమ్మ ఆపింది. నేను ఏడుస్తున్నానని అప్పటిదాకా నాకు తెలియలేదు.

మర్నాడు ఎనిమిదింటికి ఫోన్ చేయలేదు, ఆటో ఎక్కాను. సిరి కెమెరా తెస్తానంది. వద్దన్నాను. సినిమాకి ముగింపు కావాలి కదమ్మా అంది. నా ముగింపు నన్ను చూసుకోనివ్వు, నీది తర్వాత అని కసిరాను. తమ్ముడి ఇంటి మేడ మీద అమ్మ ఎండలో కూర్చుని తల దువ్వుకుంటోంది. ఇంత పొద్దున్నే వచ్చినవేంది, అల్లుడు బాగున్నడా అని పరేషాన్ అయింది. అంతా బాగున్నారని చెప్పి నేల మీద ఎదురుగా కూర్చున్నాను. ఆటోలో వల్లె వేసుకున్న వాక్యాలన్నీ ఎగిరిపోయాయి. ఆ దినం కాయితంలో ఒక లైను చదవలేదమ్మా అన్నాను. ఎర్కనే అంది, దువ్వెన ఆపకుండా. నాయిన చదవొద్దన్నాడు అన్నాను. ఇరవై ఏళ్లకు పైగా నా దగ్గర సిద్ధంగా ఉన్న వాక్యం అది.

దువ్వెన ఆగింది. "మీ నాయిన సంగతి నాకెర్కనే. పోయేముంగట ఆయన చెప్పుకున్నడు, ఏడ్చిండు. నీ సంగతి చెప్పు" అంది.

నా సంగతి. ఇంతసేపూ ఇది చదువుతున్న మీ దగ్గర కూడా దాచాను. కొట్టంలో నాయిన ఇంకో మాట కూడా అన్నాడు. గీ పనైతే నిన్ను అమీర్‌పేటల కంప్యూటర్ కోర్సుకు పంపుత అన్నాడు. నెలల తరబడి పంపమని నేను సాధిస్తున్న కోర్సు అది. నా స్నేహితురాళ్లు ఇద్దరు అప్పటికే చేరి, బస్సులో ఎప్పుడైనా కలిస్తే నా ముందు ఏవో ఇంగ్లీషు పేర్లు పలికేవారు. నాయిన ఆ మాట అన్నాక నేను రెండోసారి ఆలోచించలేదు. తండ్రి మాట జవదాటని పిల్లనని నాకు నేను చెప్పుకున్నది పచ్చి అబద్ధం. నాయిన బతిమాలకపోయినా, ఆ కోర్సు కోసం ఆ లైను నేనే మింగేసేదాన్ని. ఆ కోర్సు మీదే నా ఉద్యోగం, నా ఫ్లాటు, సిరి కెమెరా, అన్నీ నిలబడ్డాయి.

"నాకు కంప్యూటర్ కోర్సు కావాల్నని ఉండెనమ్మా. గందుకే చదవలే" అన్నాను. ఎన్నాళ్లకో నా నోట్లో నుంచి మా ఇంటి మాట వచ్చింది.

అమ్మ దువ్వెనకు చిక్కిన వెంట్రుకలు తీసి, వేలికి చుట్టి, పక్కన పెట్టింది. తర్వాత నా ముఖంలోకి చూసి, "అడుగుతే ఇయ్యకపోదునా బిడ్డా?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే ఆమెకు అర్థం కాక, తెలుసుకుందామని అడిగింది. జవాబు కోసం నా వంకే చూస్తూ కూర్చుంది.